మా కారుకి ఇంజను నేనే ఎంచాను!

మూడేళ్ళపాటు నేను బట్టలారేసుకున్న ఇనుప చట్రం అది. మేముండే ఇంగ్లండులోని కవెంట్రీలో ఎండ ఎప్పుడొస్తుందో, వాన ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు. పెరట్లో తీగ కట్టి ఆరేస్తే సాయంత్రానికి బట్టలు ఇంకాస్త తడిసేవి. అందుకని గ్యారేజీలో ఖాళీగా పడున్న కారు చట్రం మీద దుప్పట్లు, తువ్వాళ్ళు పరిచేదాన్ని. అది మావారు స్వయంగా వెల్డింగ్ చేసి కట్టిన కారు అస్థిపంజరం. దానికి చక్రాల్లేవు, సీట్లు లేవు. అన్నిటికంటే ముఖ్యం, ఇంజను లేదు.

2021 మార్చిలో ఓ ఆదివారం మా అమ్మాయి గ్యారేజీలోకి వచ్చి, నా దుప్పటి తీసి పక్కన పడేసి, "అమ్మా, దీన్ని అమ్మేద్దామా, పూర్తి చేద్దామా? ఏదో ఒకటి చెప్పు" అంది.

నేను ఏమీ చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ ప్రశ్న ఇనుము గురించి కాదు. వాళ్ళ నాన్న గురించి.

చిన్నప్పటి పిచ్చి

మావారిది తెనాలి. డిప్లొమా చదివే రోజుల్లోనే స్కూటర్లు విప్పి, బిగించి, మిగిలిన నట్లు జేబులో వేసుకుని తిరిగిన మనిషి. ఈ దేశం వచ్చాక ఇక్కడివాళ్ళకి ఓ సరదా ఉందని తెలిసింది. కారుని ఇంట్లోనే కట్టుకోవడం! 1957లో లోటస్ కంపెనీవాళ్ళు 'సెవెన్' అనే చిన్న కారుని విడిభాగాలుగా కూడా అమ్మారు. అప్పట్లో పూర్తయిన కారు కొంటే అమ్మకం పన్ను పడేది. విడిగా కొని ఇంట్లో బిగించుకుంటే ఆ పన్ను తప్పేది. అలా మొదలైన అలవాటు, పన్ను పోయినా పోలేదు. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన, రెండొందల యాభై పౌన్లతో సొంత స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చంటూ ఏకంగా పుస్తకమే రాశారు. ఛాసీకి అంగుళం మందం చదరపు ఇనుప గొట్టాలు, మిగతాదంతా ఓ పాత కారు నుంచి ఊడదీసిన సామాను. అంతే!

మావారు 2016లో మొదలుపెట్టి రెండేళ్ళలో ఛాసీ ముందు భాగం కట్టేశారు. ఏ ఇంజను వస్తుందో తేలాక చూసుకోవచ్చని వెనక ఇరుసు భాగం మాత్రం ఖాళీగా వదిలారు. 2018లో ఆయన నడుములో డిస్కు జారింది. ఆపరేషన్ అయింది. బరువులెత్తొద్దు, వంగొద్దు అన్నారు డాక్టర్లు. అప్పట్నుంచి ఆయన గ్యారేజీ తలుపు తీయలేదు. నేను బట్టలారేసినా ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే నాకు కష్టంగా ఉండేది.

"పూర్తి చేద్దాం" అన్నాను ఆ ఆదివారం. నాకు స్పానర్ ఏ వైపు తిప్పితే బిగుస్తుందో కూడా సరిగ్గా తెలియదు. అయినా అనేశాను.

ముగ్గురికి మూడు ఇంజన్లు

రాత్రి భోజనాల దగ్గర విషయం కదిపాం. మావారు కాసేపు పప్పన్నం కలుపుతూ కూర్చుని, "కడితే వీ-ఎయిట్ పెట్టాలి. లేకపోతే వద్దు" అన్నారు.

వీ-ఎయిట్ అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజను. ఒకప్పటి రేంజ్ రోవర్ బళ్ళలో ఉండే మూడున్నర లీటర్ల రోవర్ ఇంజను. ఇల్లు కట్టుకునేవాళ్ళకి డాబా మీద డాబా ఎలాంటి మోజో, ఇంట్లో కార్లు కట్టేవాళ్ళకి ఈ ఇంజను అలాంటిది. దాని గురుగురు శబ్దం వినడం కోసమే కొనేవాళ్ళున్నారు.

మా అమ్మాయికప్పుడు పద్దెనిమిదేళ్ళు. "నాన్నా, అది పాతకాలం. మోటార్‌సైకిల్ ఇంజను పెడదాం. తేలిక, పైగా గేర్‌బాక్స్ అందులోనే ఉంటుంది" అంది. నిజమే. పెద్ద మోటార్‌సైకిళ్ళ ఇంజన్లు పెట్టిన ఇలాంటి కార్లు ఇక్కడ చాలా ఉన్నాయి.

"మరి నువ్వేమంటావు?" అని ఇద్దరూ నావైపు తిరిగారు. డబ్బు నాదని వాళ్ళకి గుర్తొచ్చింది కాబోలు! ఓ బడి వంటశాలలో పనిచేస్తూ నెలనెలా దాచుకున్న మొత్తం అది. "నాకు వారం టైమివ్వండి" అన్నాను.

సంబంధం చూసినట్టు చూశాను

మనకి ఇంజన్ల గురించి తెలియకపోవచ్చు. సంబంధాలు చూడటం తెలుసు కదా! అబ్బాయి ఎంత అందగాడన్నది కాదు, ఈ ఇంట్లో ఇమడగలడా లేదా అన్నదే అసలు సంగతి. పక్కింట్లో ఓ రిటైరైన ఫిట్టర్ తాతగారున్నారు. ఆయన్ని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, అడగాల్సినవన్నీ అడిగాను. ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ.

ముందు చూడాల్సింది ఇంజను ఏ దిక్కున కూర్చుంటుందన్నది. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాలే తిరుగుతాయి. వాటి ఇంజను బానెట్ కింద అడ్డంగా ఉంటుంది. మా కారులో వెనక చక్రాలు తిరగాలి కాబట్టి ఇంజను నిలువుగా, అంటే ముందునుంచి వెనక్కి పడుకోవాలి. అడ్డం ఇంజన్ని నిలువుకి తిప్పొచ్చు. కానీ అప్పుడు నీళ్ళ గొట్టాలు ఎక్కడికో పోతాయి, గాలి లోపలికి వెళ్ళే గొట్టం ఇంకెక్కడో తగులుతుంది. ఫోర్డ్ వారి జెటెక్ ఇంజను ఇలాగే తిప్పి వాడేవాళ్ళు చాలామంది ఉన్నారట. అది మంచి ఇంజనే. కాకపోతే నీళ్ళు బయటికొచ్చే దారి గేర్‌బాక్స్ వైపున ఉంటుంది. నిలువుగా పెడితే అది కాళ్ళ దగ్గరి గోడకి తగలబోతుంది గనక ఆ దారి మార్చుకోవాలి. గేర్‌బాక్స్ కూడా వేరే కారుది వెతికి, రెంటినీ కలిపే గంట ఆకారపు కేసింగు విడిగా కొనుక్కోవాలి.

అంటే ఇంజను ఒక ఊరు, గేర్‌బాక్స్ మరో ఊరు. మధ్యవర్తికి ఖర్చు వేరే!

వీ-ఎయిట్ సంగతి అడిగాను. దాని దిమ్మ అల్యూమినియంది, అనుకున్నంత బరువు కాదట. ఆశ్చర్యపోయాను. "మరి ఇబ్బందేంటి?" అంటే, "వెడల్పు" అన్నారు తాతగారు. సిలిండర్లు రెండు వరసలుగా రెండు పక్కలకీ విచ్చుకుని ఉంటాయి. మా ఛాసీలో స్టీరింగ్ రాడ్డుకి, సైలెన్సర్ గొట్టాలకి చోటు మిగలదు. ఇంకో సంగతి, దాని మెలితిప్పే బలం. ఇంజను బలమైనదైతే గేర్‌బాక్స్ బలమైనది కావాలి. గేర్‌బాక్స్ పెద్దదైతే ప్రొపెల్లర్ షాఫ్ట్, వెనక డిఫరెన్షియల్, ఇరుసులు, బ్రేకులు అన్నీ ఆ స్థాయికి ఎదగాలి. పెళ్ళికొడుక్కి పట్టు పంచె పెడితే చుట్టాలందరికీ పెట్టాల్సి వచ్చినట్టు!

ఇక మోటార్‌సైకిల్ ఇంజను. తేలికే, చలాకీయే. కానీ దానికి వెనక్కి వెళ్ళే గేరుండదు. దానికోసం మళ్ళీ ఓ చిన్న పెట్టె విడిగా బిగించుకోవాలి. పైగా ఆ క్లచ్ రెండొందల కిలోల బండిని లాగడానికి చేసింది. కారు బరువు దాని మీద మోపితే సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరినప్పుడల్లా అది అరిగిపోతుంది.

"అయితే మీరేం పెడతారు?" అని అడిగాను. ఆయన నవ్వి, "ముందు బండి ఎవరు నడుపుతారో చెప్పు" అన్నారు.

ఆ ప్రశ్న మా ఇంట్లో ఎవరమూ వేసుకోలేదు!

నడిపేదెవరు?

ఆ రాత్రి మావారిని అదే అడిగాను. ఆ కారు సీటు నేలకి జానెడెత్తులో ఉంటుంది. తలుపులుండవు. కాలు పైకెత్తి లోపల పెట్టి, నడుం వంచి జారాలి. ఆపరేషన్ అయిన నడుముతో ఆయన గంటల తరబడి అలా కూర్చుని క్లచ్ తొక్కలేరు. ఆ సంగతి ఆయనకి నాకంటే ముందే తెలుసు. అందుకే మూడేళ్ళు ఆ తలుపు తీయలేదు.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నడిపేది మీరిద్దరే కదా... అయితే వీ-ఎయిట్ ఎందుకులే" అన్నారు. ఆ గొంతు విన్నాక నాకు గెలిచానన్న సంతోషం కలగలేదు. లేచి వెళ్ళి కాఫీ పెట్టుకొచ్చాను. కాఫీ తాగుతూ ఆయనే కాగితం, పెన్సిలు తీశారు. అది చూశాక కాస్త ఊపిరాడింది.

చివరికి తేలిన సంబంధం మాజ్డా వారి ఎంఎక్స్-5. 1989లో వచ్చిన రెండు సీట్ల చిన్న కారు. ఇంజను నిలువుగానే ఉంటుంది, వెనక చక్రాలే తిరుగుతాయి. ఇంజను, అయిదు గేర్ల పెట్టె, డిఫరెన్షియల్, వెనక ఇరుసులు అన్నీ ఒకే ఇంట పుట్టి పెరిగినవి. ఒకదానితో ఒకటి సర్దుకుపోతాయా అన్న బెంగ లేదు. 1992 నాటి బండి ఒకటి, ఒళ్ళంతా తుప్పు పట్టి ఇంజను మాత్రం బాగున్నది, 700 పౌన్లకి దొరికింది.

"115 గుర్రాలేనా?" అని మా అమ్మాయి మూతి ముడిచింది. వాళ్ళ నాన్న లెక్క వేసి చూపించారు. మాజ్డా బరువు సుమారు 950 కిలోలు. అంటే వెయ్యి కిలోలకి 120 గుర్రాలు. మా బండి 590 కిలోలకి మించదు. అదే ఇంజను ఇందులో పెడితే వెయ్యి కిలోలకి 195 గుర్రాలు! గుర్రాలు పెరగలేదు, బండి బరువే తగ్గింది.

గేర్ల లెక్క కూడా వేశారు. ఈ మాజ్డాలో అయిదో గేరు నిష్పత్తి 0.814, వెనక డిఫరెన్షియల్‌ది 4.3. రెండూ గుణిస్తే మూడున్నర. అంటే ఇంజను మూడున్నర చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. ఇంజను నిమిషానికి 3,500 చుట్లు తిరిగితే చక్రం 1,000 చుట్లు. ఒక్కో చుట్టుకి బండి సుమారు 1.8 మీటర్లు పోతుంది. నిమిషానికి 1,800 మీటర్లు, గంటకి 108 కిలోమీటర్లు. ఇక్కడి పెద్ద రోడ్ల మీద వేగ పరిమితి గంటకి 70 మైళ్ళు, అంటే దాదాపు 112 కిలోమీటర్లు. "చాలు, సరిగ్గా సరిపోయింది" అన్నారు. కూడికలు, గుణకారాలు తప్ప ఇందులో మగవాళ్ళకి మాత్రమే తెలిసిన విద్య ఏముంది చెప్పండి?

దింపడం ఒకెత్తు, నిలబెట్టడం ఒకెత్తు

పాత కారు నుంచి ఇంజన్ని, గేర్‌బాక్స్‌ని కలిపే బయటికి లాగాం. తాతగారు గొలుసుల క్రేన్ తెచ్చారు. ఊడదీసిన ప్రతి బోల్టునీ పచ్చడి సీసాల్లో వేసి, ఎక్కడిదో చీటీ రాసి అంటించాను. ఆ పద్ధతి చూసి తాతగారు మెచ్చుకున్నారు. వంటింటి బుద్ధి ఎక్కడైనా పనికొస్తుంది.

క్లచ్ ప్లేటు కొత్తది వేశాం. ఇక్కడో కిటుకుంది. ప్లేటు సరిగ్గా నడిమధ్యన కూర్చుంటేనే గేర్‌బాక్స్ ఇరుసు దానిలోంచి దూరి, ఇంజను చివరనున్న చిన్న బేరింగులోకి వెళుతుంది. అమ్మాయి ఓ కర్రకి టేపు చుట్టి, ప్లేటుని మధ్యకి తెచ్చి బిగించింది. గేర్‌బాక్స్ దూరనప్పుడు బోల్టులు బిగించి బలవంతంగా లాగకూడదనీ, దాని బరువు ఆ ఇరుసు మీద వేలాడనివ్వకూడదనీ తాతగారు పదిసార్లు చెప్పారు. అలా చేస్తే కొత్త ప్లేటు వంకరపోతుందట.

తర్వాత అసలు పని. ఇంజన్ని ఛాసీలో చెక్క దిమ్మల మీద కూర్చోబెట్టాం. వెంటనే వెల్డింగ్ చేయలేదు. రెండు వారాలపాటు అటు అరంగుళం, ఇటు అరంగుళం జరుపుతూనే ఉన్నాం. కిందికి దింపితే ఆయిల్ సంపు రోడ్డుకి తగులుతుంది. పైకెత్తితే బానెట్ మూతపడదు. ముందుకి జరిపితే రేడియేటర్ ఫ్యాను తగులుతుంది. వెనక్కి నెడితే నడిపేవాళ్ళ పాదాలకి చోటుండదు. గేరు రాడ్డు చేతికందే చోటికి రావాలన్నది ఇంకో చిక్కు.

నా పట్టుదల మాత్రం ఒకటే. "రేపు ఆయిల్ ఫిల్టర్ మార్చాలంటే చెయ్యి దూరుతుందా? స్టార్టర్ మోటారు విప్పాలంటే స్పానర్ తిరుగుతుందా?" అని ప్రతిసారీ చెయ్యి పెట్టి చూసేదాన్ని. గ్యాస్ సిలిండరు మార్చడానికి చోటు లేకుండా కట్టిన వంటింట్లో పదేళ్ళు వండినదాన్ని. ఆ బాధ నాకు తెలుసు.

ఇంజనుకి రెండు పక్కలా రెండు రబ్బరు మౌంటింగులు, గేర్‌బాక్స్ కింద ఒకటి. మూడు కాళ్ళ పీటలాగన్నమాట. మాజ్డా గేర్‌బాక్స్‌కి అసలు సొంత కాలే లేదు. పాత కారులో దాన్నీ వెనక డిఫరెన్షియల్‌నీ కలుపుతూ ఓ పొడవాటి అల్యూమినియం దూలం ఉండేది. మేం ఆ దూలం వాడలేదు కాబట్టి గేర్‌బాక్స్‌కి కొత్తగా కాలు కట్టాల్సి వచ్చింది. ఇంజను గట్టిగా లాగినప్పుడు ఓ పక్కకి ఒరుగుతుంది. అప్పుడు ఒక మౌంటింగు నొక్కుకుంటుంది, రెండోది పైకి లాగబడుతుంది. అందుకని రబ్బరు తెగినా ఇంజను ఊడి రాని రకం మౌంటింగులే తీసుకున్నాం. వాటిని పట్టే బ్రాకెట్లు రేకులా కాకుండా త్రికోణంగా కట్టాలి. లేకపోతే కొన్నాళ్ళకి ఊగి ఊగి చీలిపోతాయి.

నేను చేసిన తప్పు

ఇంజను వాలు కొలిచే పని నాది. గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వెళ్ళే షాఫ్టుకి రెండు చివరలా కీళ్ళుంటాయి. ఇంజను గీత, వెనక డిఫరెన్షియల్ గీత ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. అప్పుడు రెండు కీళ్ళూ ఒకే కోణంలో తిరుగుతాయి. ఒకటి పుట్టించిన ఒడిదుడుకుని రెండోది సరిచేస్తుంది. తేడా వస్తే బండంతా వణుకుతుంది. కీళ్ళు అరిగిపోతాయి.

నేను రసమట్టం పెట్టి బుడగ మధ్యకి వచ్చేదాకా సరిచేశాను. అమ్మాయి చుక్కలు చుక్కలుగా వెల్డింగ్ పెట్టింది. ఇద్దరం చప్పట్లు కొట్టుకున్నాం.

ఆ సాయంత్రం మావారు మొదటిసారి గ్యారేజీలోకి వచ్చారు. ఓ కుర్చీ వేసుకుని కూర్చుని చాలాసేపు చూశారు. తర్వాత ఓ గోళీ అడిగారు. ఇంట్లో గోళీ ఎక్కడిది? బేరింగులోంచి ఊడిన ఇనుప గుండు ఇచ్చాను. నేల మీద పెట్టారు. అది దొర్లుకుంటూ తలుపు దగ్గరికి పోయింది.

నీళ్ళు బయటికి పోవడానికి గ్యారేజీ నేలని వాలుగా కట్టారు! డిఫరెన్షియల్ బిగించినప్పుడు చట్రం ముందు భాగం గోడవైపు ఉంది. ఇంజను పెట్టేముందు క్రేన్ కోసం చట్రాన్ని తలుపువైపు తిప్పాం. నేల వాలు ఒకటిన్నర డిగ్రీ. రెండు దిక్కులా కలిపి మూడు డిగ్రీల తేడా. నేను నేలని నమ్మాను. నమ్మాల్సింది ఛాసీ గొట్టాన్ని.

ఏడుపొచ్చింది. "పూర్తి వెల్డింగ్ చేయలేదుగా, చుక్కలేగా. కోసేద్దాం" అన్నారాయన. ఆ వారమంతా ఆయన కుర్చీలో కూర్చుని కొలతలు చెప్పారు, మేం కోసి మళ్ళీ అతికించాం. ఈసారి ఛాసీ గొట్టం నుంచే కొలిచాం. అన్నీ కుదిరాక ఇంజను మళ్ళీ బయటికి తీసి, బ్రాకెట్లకి పూర్తి వెల్డింగ్ చేశాం. ఇంజను ఉండగా చేస్తే ఆ వేడికి, నిప్పురవ్వలకి రబ్బరు కాలిపోతుంది.

నిజం చెప్పొద్దూ, నా తప్పు మూలంగానే ఆయన మళ్ళీ గ్యారేజీలోకి వచ్చారు. అలాంటి తప్పు ఒకటి చేసినందుకు నాకు విచారం లేదు.

పొగ వచ్చిన రోజు

2022 సెప్టెంబరులో మొదటిసారి తాళం తిప్పాం. టక్కుమని ఓ చప్పుడు, అంతే. మళ్ళీ తిప్పింది అమ్మాయి. యాక్సిలరేటర్ తీగ దగ్గర్నుంచి సన్నగా పొగ! బ్యాటరీ తీగ లాగిపారేశాను.

కారణం తెలిశాక నవ్వొచ్చింది. రబ్బరు మౌంటింగుల మీద కూర్చున్న ఇంజనుకి ఛాసీతో ఇనుముకి ఇనుము తగలదు. స్టార్టర్ మోటారుకి వెళ్ళిన కరెంటు బ్యాటరీకి తిరిగి రావాలంటే ఇంజను నుంచి ఛాసీకి లావుపాటి ఎర్త్ తీగ ఉండాలి. అది మర్చిపోయాం. పాపం కరెంటు వేరే దారి లేక సన్నటి యాక్సిలరేటర్ తీగలోంచి రావాలని చూసింది. అల్లిక తీగ ఒకటి కొని బిగించాం. మూడోసారి తాళం తిప్పగానే ఇంజను లేచింది. మావారు కళ్ళు మూసుకుని విన్నారు. "వీ-ఎయిట్ అంత గంభీరంగా లేదు గానీ, బాగానే ఉంది" అన్నారు!

పరీక్ష

ఇక్కడ ఇంట్లో కట్టిన కారుని ఊరికే రోడ్డెక్కనివ్వరు. ఒక్కో బండినీ విడిగా పరీక్షిస్తారు. బ్రేకులు, స్టీరింగు, సీటు బెల్టులు, దీపాలు, శబ్దం, పొగ అన్నీ చూస్తారు. ఇంజను ఎప్పుడు తయారైందో ఆధారం చూపించాలి, పొగ పరీక్ష దాన్నిబట్టే ఉంటుంది. మనమే కట్టామని ఫోటోలు, రసీదులు చూపాలి. నా పచ్చడి సీసాల ఫోటోలు కూడా ఆ ఫైల్లో ఉన్నాయి!

2023 మేలో మొదటిసారి తప్పాం. బయటికి కనిపించే అంచులు రెండున్నర మిల్లీమీటర్లయినా గుండ్రంగా ఉండాలని నియమం. ఎవరికైనా తగిలితే కోసుకోకూడదు కదా! ఒక బ్రాకెట్ అంచు పదునుగా ఉంది. ఆకురాయితో గంటసేపు రాశాను. రెండోసారి పాసయ్యాం.

మన దగ్గర అయితే?

మా ఆడపడుచు కూతురు విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతోంది. ఫోటోలు చూసి, "అత్తయ్యా, ఇక్కడ కూడా కట్టుకోవచ్చా?" అని ఫోను చేసింది. ఉన్న విషయం చెప్పాను. మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. కొత్త రకం బండి రోడ్డెక్కాలంటే పుణెలోని ఏఆర్ఏఐ లాంటి పరీక్షా సంస్థల ఆమోదం కావాలి. ఇంట్లో ఒక్క కారు కట్టుకునేవాళ్ళకి అది అయ్యే పని కాదు.

అయితే పిల్లలకి వేరే దారుంది. 2007లో మన దేశంలో మొదలైన బాహా పోటీల్లో ఇంజనీరింగ్ విద్యార్థులు మట్టిదారుల్లో నడిచే ఒంటి సీటు బండి తామే కడతారు. పెట్రోలు బళ్ళ పోటీలో అన్ని జట్లకీ ఒకే రకం చిన్న ఇంజను. అంటే గేర్ల అమరికలో, బరువు తగ్గించడంలో, బిగింపులో ఎవరి తెలివి వాళ్ళు చూపించుకోవాల్సిందే. "జట్టులో ఫైళ్ళ పని నీకిస్తామంటే ఒప్పుకోకు. స్పానర్ పట్టుకో" అని చెప్పాను. ఒప్పుకోలేదట. ఇప్పుడు గేర్‌బాక్స్ పని తనదేనట!

ఆదివారం ఉదయం

మా అమ్మాయి ఇప్పుడు ఉద్యోగం చేస్తూ వేరే ఊళ్ళో ఉంటోంది. ఎండ కాసిన ఆదివారాల్లో బండి బయటికి తీసేది నేనే. ఈ దేశం వచ్చిన కొత్తలో డ్రైవింగ్ పరీక్షలో మూడుసార్లు తప్పినదాన్ని! మావారు నడుము వెనక దిండు పెట్టుకుని పక్క సీట్లో మెల్లగా జారతారు. పావుగంట కంటే ఎక్కువ కూర్చోలేరు. ఆ పావుగంటా ఆయన మాట్లాడరు, ఇంజను చప్పుడు వింటుంటారు. మలుపు దగ్గర నేను గేరు మార్చడం ఆలస్యమైతే మాత్రం, "ఊఁ" అంటారు.

తెనాలిలో మా అత్తయ్యకి వీడియోలో చూపించాం. అంతా చూసి, "అది సరే గానీ, బట్టలెక్కడ ఆరేస్తున్నావే?" అన్నారు.

ఇలాంటి పని తలపెడితే గుర్తుంచుకోండి

* బండి ఎవరు నడుపుతారో, ఎంత బరువుంటుందో తేలాకే ఇంజను ఎంచుకోండి.

* ఇంజను, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఒకే బండి నుంచి తీసుకుంటే సగం చిక్కులు తీరతాయి. పాత బండిని వీలైతే ఇంజను నడుస్తుండగా చూసి కొనండి.

* కొలతలు నేల నుంచి కాదు, ఛాసీ నుంచి తీయండి.

* ముందు చుక్కల వెల్డింగే. ఫిల్టరు, స్టార్టరు, ప్లగ్గులు విప్పడానికి చెయ్యి దూరుతుందో లేదో చూశాకే పూర్తి వెల్డింగ్.

* క్రేన్ గొలుసుకి వేలాడుతున్న ఇంజను కింద చెయ్యి గానీ కాలు గానీ పెట్టకండి.

* రబ్బరు మౌంటింగులు పెట్టాక ఎర్త్ తీగ మర్చిపోకండి.